పిల్లికంటికి వైద్యము

బెంగళూరులోని మారతహళ్ళి వంతెనకు ఇరువైపుల నడచిపోవువానికి కళ్ళజోళ్ళ దుకాణములును, కంటి ఆసుపత్రుల పలకలును, లేజరు చికిత్సల ప్రకటనలును కొల్లలుగా కనిపించును. పగలంతయు కంప్యూటరు తెరను చూచి బ్రదుకు జనులు కాపురముండు పేటలో నేత్రవైద్యమునకు గిరాకి యుండుట వింత గాదు. అనంతపురము, కడప, చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళము దాక గల తెలుగు జిల్లాలనుండి వచ్చి మున్నెకొళాల సందులలోను, చిన్నప్పనహళ్ళి అపార్టుమెంట్లలోను స్థిరపడినవారిలో పెక్కుమంది, పొద్దుట సాయంత్రము వీధిలో త్రిప్పవలసిన పని లేదనియు, ఇంటి యజమాని కుక్కకు పెట్టినన్ని ఆంక్షలు దీనికి పెట్టడనియు, పిల్లిని చేరదీయుదురు. అట్టి యింట నొక యుదయమున పిల్లి ఎడమకన్ను మూసికొని, చెంపమీద గోధుమరంగు చారతో మంచము క్రిందనుండి బయటికి వచ్చినచో, మనుష్యుల కన్నులను బాగుచేయు ఆసుపత్రులు కూతవేటు దూరములో ఎన్నియున్నను, ఈ కంటిని చూడగలవాడు ఎక్కడనున్నాడో తెలియక ఇంటిల్లిపాదియు ఫోను చేతబట్టి కూర్చుందురు. ఈ యన్వేషణలో సగము దారికి సంబంధించినది. తక్కిన సగము ఆ కంటికి ఏమైనదో, ఎంత త్వరగా పోవలెనో గ్రహించుటకు సంబంధించినది. రెండవ సగమే కఠినతరమని నా యభిప్రాయము. దారి చెప్పువారు పదిమంది దొరకుదురు గాని, గడువు చెప్పువారు అరుదు.

పిల్లికంటిని మనకంటితో పోల్చి చూచినచో మొదట గోచరించునది దాని ముందుభాగమును కప్పియుండు పారదర్శక పటలముయొక్క వైశాల్యము. కార్నియా యనబడు ఈ పటలము మనుష్యులలో సుమారు 12 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలది కాగా, నాలుగైదు కిలోల బరువు మాత్రమే తూగు పిల్లియందు 16, 17 మిల్లీమీటర్ల వరకు వ్యాపించియుండును. అందుచేతనే పిల్లికంట తెల్లగ్రుడ్డు మనకు కనబడుట అరుదు. నిశాసంచారియైన జంతువు లభించిన కొద్దిపాటి వెలుగునే లోనికి గ్రహింపవలసియున్నది కనుక ప్రకృతి ఈ కిటికీని ఇంత వెడల్పుగా నిర్మించినది. కనుపాప నిలువుచీలికగా ముడుచుకొనుటయు ఇందుకే: మన కనుపాప తన వైశాల్యమును ఇంచుమించు 15 రెట్లు మార్చుకొనగలదు, పిల్లి కనుపాప 135 రెట్లు మార్చుకొనగలదు. రెటీనాకు వెనుకనున్న మెఱుపుపొర, ఒకమారు తప్పిపోయిన కాంతిని మరల వెనుకకు త్రిప్పి రెండవ అవకాశము నిచ్చును. రాత్రి వాహనముల వెలుగులో పిల్లికన్నులు ఆకుపచ్చగా మెఱయుట దీనివలననే. ఇంతటి సౌకర్యమునకు ప్రకృతి వసూలుచేసికొన్న మూల్యము కూడ కలదు. విశాలమైన ఆ కార్నియా మందము అర మిల్లీమీటరునకు అటునిటుగా మాత్రమే యుండును. దానియందు రక్తనాళములు లేవు. తోటిపిల్లి గోరు తగిలినను, వైరసు సోకినను మొదట గాయపడునది అదియే.

కంటి లోపలిమూలనుండి అడ్డముగా జరిగివచ్చు మూడవరెప్ప యొకటి పిల్లికి కలదు. ఆరోగ్యముగా మేలుకొనియున్న పిల్లియందు అది కనబడదు. కన్నీటిలో చెప్పదగినంత భాగమును ఉత్పత్తిచేయు గ్రంథి దానిలోనే యున్నది. రెండు కన్నులలోను ఆ తెల్లనిపొర సగమువరకు పైకి వచ్చి నిలిచినచో దోషము కంటిలో గాక కడుపులోనో, దేహముయొక్క సామాన్యదౌర్బల్యములోనో యుండవచ్చును. ఒక్క కంటిలోనే వచ్చినచో ఆ కన్ను నొప్పిచే లోనికి ముడుచుకొనుచున్నదని తలపవలెను. పిల్లి నొప్పిని చాటుకొను జంతువు గాదు. అది మూలగదు, మేతకు రాకుండుటయో, వెలుగు పడని చోట ముడుచుకొని పడుకొనుటయో, ముంగాలితో మొగము పదేపదే తుడుచుకొనుటయో చేయును, అంతే. కనుక చెంపమీది చారను చూచి "దుమ్ము పడియుండును" అనుకొను గృహస్థుడు, ఆ కన్ను ఎంతగా ముడుచుకొనియున్నదో ఒక నిమిషము తదేకముగా చూడవలెను. నీరు కారుచున్నను పూర్తిగా తెరచియున్న కన్ను ఒకటి రెండు దినములు ఓపిక పట్టగలదు. మూసికొనిపోయిన కన్ను ఆ దినమే వైద్యుని ఎదుటికి పోవలెను. కార్నియా నీలిపొగవలె మసకబారినను, రెండు కనుపాపలు రెండు పరిమాణములలో కనబడినను, గ్రుడ్డు రెప్పలను దాటి వెలికి వచ్చినను గంటల లెక్క చూడవలెను.

బయటికి వచ్చు పిల్లులలోను, ఆశ్రయస్థానములనుండియో, వీధినుండియో తెచ్చిన కూనలలోను అత్యధికముగా కనబడు నేత్రవ్యాధికి మూలము ఒక హెర్పిస్ వైరసు. దీనిని 1958లో అమెరికాయందు క్రాండెల్, మారర్ అను పరిశోధకులు మొదట వేరుపరచిరి. ఇది పిల్లిజాతికి ప్రత్యేకమైనది, మనుష్యులకు అంటదు. మొదట తుమ్ములు, ముక్కుకారుట, కన్నులు ఉబ్బుట. పదిదినములలో పిల్లి కోలుకొన్నట్లే కనబడును. అయితే వైరసు దేహమును విడిచిపోదు. మొగమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడీకేంద్రమున అది నిద్రాణమై యావజ్జీవము దాగియుండి, పిల్లికి మనస్తాపము కలిగినప్పుడు వారము దినములలో మరల కంటికి దిగివచ్చును. పిల్లికి మనస్తాపమేమని నవ్వువారు, పదునొకండు నెలల అద్దె ఒప్పందము ముగిసి సామాను లారీకెక్కించి క్రొత్త యింటికి మారిన కుటుంబములోని పిల్లిని పరీక్షించి చూడవలెను. పరిచితమైన వాసనలన్నియు ఒక్క దినమున అదృశ్యమగుట మార్జాలమునకు సామాన్యవిపత్తు గాదు. క్రొత్త పిల్లి యింటికి వచ్చుట, యజమానులు సంక్రాంతికి ఊరికిపోయి దీనిని పరుల యింట వదలుట, దీపావళి టపాకాయలు కూడ ఇటువంటివే. వైరసు కార్నియా పైపొరలో చెట్టుకొమ్మలవలె చీలుచు పోవు సన్నని పుండ్లను కలిగించును. వాటి ఆకారము చూచియే అనుభవజ్ఞుడైన వైద్యుడు రోగమును నిర్ణయింపగలడు.

ఇచ్చటనే మందులషాపు ప్రవేశించుచున్నది. మారతహళ్ళిలో తెలుగుమాట వినబడని మెడికల్ షాపు అరుదు గనుక సంభాషణ సాధారణముగా ఇట్లు నడచును: "అన్నా, మా పిల్లికి కన్ను ఎర్రబడింది, డ్రాప్స్ ఏమైనా ఉన్నాయా?" "ఇది వెయ్యండి సార్, మనుషులకీ ఇదే ఇస్తాం. రెండ్రోజుల్లో తగ్గిపోద్ది." తగ్గుట నిజమే, కనబడు ఎఱ్ఱదనము తగ్గును. ఎందుకనగా అట్టి సీసాలలో పెక్కింటియందు యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడ కలిసియుండును. అది వాపును అణచును. వాపుతో పాటు వైరసును ఎదిరించు దేహరక్షణను కూడ అణచును. కార్నియా గాయము మానుటను ఆపును. గాయపు అంచులను కరగించు ఎంజైములకు బలము చేకూర్చును. పైపొర పోయి, మధ్యపొర కరగి, చిట్టచివరి పలుచని పొర మాత్రమే మిగిలినప్పుడు, చిరిగిన టైరులోనుండి ట్యూబు ఉబికినట్లు అది కంటి లోపలి ఒత్తిడికి ముందుకు పొంగును. ఆ దశలో పిల్లి ఒక్కమారు కాలితో గీచుకొన్నచో గ్రుడ్డు చిల్లిపడును. కొద్దిపాటి ఖర్చుతో పోవు రోగమును శస్త్రచికిత్సదాక నడిపించు శక్తి ఆ చిన్నసీసాకు కలదు. మన పెద్దలు కంటికి మేలని చెప్పు నందివర్ధనపు పూలు, చనుబాలు, ఆముదము కూడ ఈ సందర్భమున కట్టిపెట్టదగినవే. తెఱచుకొన్న గాయములో పడిన ప్రతి అశుద్ధద్రవ్యమును సూక్ష్మజీవులకు ఆహారమగును. కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూది ముంచి రెప్పలకు అంటిన పుసిని తుడుచుటకు మించి ఇంటియందు చేయదగినది లేదు. నొప్పికని పారాసిటమాల్ ముక్క మ్రింగించువారు కలరు; పిల్లికాలేయమునకు ఆ మందును విరిచి వెలిపుచ్చు సామర్థ్యము లేనందున అరమాత్ర సైతము రక్తమును ప్రాణవాయువు మోయలేనిదానిగా మార్చి చంపగలదు.

పిల్లికి వైద్యుడు దొరకుట ఇంత ప్రయాసమేల యను ప్రశ్నకు సమాధానము చరిత్రలో కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అశోకుడు చెక్కించిన ధర్మలిపులలో రెండవది, మనుష్యులకును పశువులకును చికిత్సలు ఏర్పాటు చేయబడినవనియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటింపబడినవనియు చెప్పుచున్నది. భావము ఉదారమే, కాని రెండువేల యేండ్లపాటు పశువైద్యమనగా ఏనుగు, గుఱ్ఱము, ఎద్దు, ఆవు అని మాత్రమే రాజులకును రైతులకును అర్థమైనది. 1761లో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున బూర్జెలా అధ్యక్షతన ప్రపంచములో మొదటి పశువైద్య విద్యాలయము వెలసినప్పుడును దాని లక్ష్యము గుఱ్ఱములు, పశువుల తెగుళ్ళు. మన దేశమున 1903లో స్థాపింపబడిన మద్రాసు పశువైద్య కళాశాలగాని, 1955నాటి తిరుపతి కళాశాలగాని, 1958నాటి హెబ్బాళ కళాశాలగాని పాడిపంటల ఆర్థికవ్యవస్థకు సేవచేయుటకు పుట్టినవే. పాలివ్వనిదియు, బండి లాగనిదియు, అమ్మినచో డబ్బు రానిదియునైన పిల్లికి ఆ లెక్కలలో స్థానము లేకపోయెను. విచిత్రమేమనగా, ప్రయోగశాలలు మాత్రము పిల్లికంటిని శ్రద్ధగా అధ్యయనము చేసినవి. హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1959 నుండి పిల్లిమెదడుయొక్క దృష్టికేంద్రమును కణము కణముగా పరిశోధించి, కూనపిల్లి ఒక కంటిరెప్పను పుట్టిన తొలినెలలలో కొంతకాలము మూసియుంచినచో ఆ కన్ను ఆరోగ్యముగానే యున్నను మెదడు దానితో సంబంధమును త్రెంచుకొనునని నిరూపించి, 1981లో నోబెల్ బహుమానము పొందిరి. మనుష్యశిశువుల మెల్లకంటికి, పుట్టుకతో వచ్చు శుక్లములకు ఆలస్యము చేయక చికిత్స చేయవలెనను నేటి నియమమునకు బలము చేకూర్చినది పిల్లికూనలే. ఆ జాతికి కన్ను నొప్పిపుట్టినప్పుడు చూపించుకొనుటకు పశువుల ఆసుపత్రిలో బల్ల లేకపోవుటను కృతఘ్నత యనక మరేమనవచ్చును?

ఆ ప్రయోగములోని సత్యము మన మెట్లక్రింద ఈనిన పిల్లికూనలకును వర్తించును. పుట్టిన కూనల రెప్పలు ఏడు మొదలు పదునాలుగు దినముల నడుమ విచ్చుకొనును. విచ్చుకొనకముందే రెప్పల వెనుక చీము నిండి ఉబ్బియున్నచో ఆ గడువు కొరకు వేచియుండరాదు; వైద్యుడు ఆ అతుకును మృదువుగా విడదీసి చీము కడిగివేయవలెను. వేచియున్నచో కార్నియా చీములో నాని శాశ్వతముగా మచ్చపడును.

ఇక దారి విషయము. మారతహళ్ళి, బ్రూక్‌ఫీల్డు, కుందలహళ్ళి ప్రాంతములలో పెంపుడుజంతువుల క్లినిక్కులు నేడు తగినన్ని కలవు. వాటిలోని వైద్యులు బి.వి.ఎస్సీ. పట్టము పొంది, రాష్ట్ర పశువైద్యమండలిలో పేరు నమోదు చేసికొన్నవారు. మన దేశమున పశువైద్యమునందు నేత్రశాస్త్రము సాధారణముగా శస్త్రచికిత్సా విభాగములో అంతర్భాగముగనే బోధింపబడుచున్నది గనుక, "కంటిడాక్టరు" అను పలక కొరకు వెదకుట కంటె, శస్త్రచికిత్సలో ఎం.వి.ఎస్సీ. చేసి కన్నులయందు అభిరుచి గలవాని కొరకు విచారించుట ప్రయోజనకరము. అయినను మొదటి పరీక్షకు దగ్గరి క్లినిక్కు చాలును. ఫోనుమీద అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "మీ దగ్గర ఫ్లోరోసీన్ స్ట్రిప్ ఉందా డాక్టరుగారూ?" ఉన్నదని బదులు వచ్చినచో బయలుదేరవచ్చును, "అదేమీ అక్కర్లేదు, తీసుకురండి, చుక్కలు రాసిస్తాను" అనినచో మరియొకరిని అడుగుట మంచిది.

ఆ పరీక్షను దగ్గరగా చూచినవారికి దాని సౌందర్యము తెలియును. పిల్లిని మెడదాక మందపు తువాలులో చుట్టి, తల మాత్రము బయటనుంచి, సహాయకుడు మోచేతులతో అదిమి పట్టుకొనును. వైద్యుడు నారింజరంగు కొన గల కాగితపుముక్కపై ఒక చుక్క సెలైను వేసి, తడిసిన కొనను కంటితెల్లపై అర సెకను ఆనించి తీయును. పిల్లి రెండుమూడు మారులు రెప్పకొట్టగానే పసుపునీరు కన్నంతయు ప్రాకును. సెలైనుతో కడిగివేసి, గదిలో దీపమార్పి, నీలికాంతి ప్రసరించినచో గాయపడినచోటు మాత్రము నిగనిగలాడు పచ్చరంగున బయటపడును. 1871లో అడోల్ఫ్ ఫన్ బాయర్ అను జర్మను రసాయనవేత్త తయారుచేసిన ఈ ఫ్లోరోసీన్ వర్ణద్రవ్యమునకు నీటిపై ప్రీతి యెక్కువ. కార్నియా పైపొర కొవ్వుతో కూడినది గనుక దానిలోనికి చొరదు, ఆ పొర ఊడినచోట నీరు నిండిన మధ్యపొరను పట్టుకొని నిలుచును. చిట్టచివరి పొర దీనిని గ్రహింపదు. అందుచేత పచ్చని వలయము నడుమ రంగులేని చుక్క కనబడినచో కన్ను చిల్లిపడుటకు సిద్ధముగానున్నదని వైద్యుడు ఉలికిపడును. స్టెరాయిడ్ వేయవచ్చునా కూడదా యను నిర్ణయము ఈ పచ్చమరకమీదనే ఆధారపడియున్నది. తరువాత 1903లో షిర్మర్ కనిపెట్టిన కాగితపుపట్టీతో కన్నీటిని కొలుచుట, టోనోమీటరుతో లోపలి ఒత్తిడిని చూచుట మున్నగునవి అవసరమునుబట్టి జరుగును.

స్థానిక క్లినిక్కునకు మించిన పని పడినచో బెంగళూరులో రెండు మూడు త్రోవలు కలవు. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి, నేడు బీదరు కేంద్రముగా గల రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. శస్త్రచికిత్సా విభాగముయొక్క ఆచార్యులు, పీజీ విద్యార్థులు కూడి పరీక్షించుదురు. ఖర్చు ప్రయివేటు ఆసుపత్రులకంటె చాల తక్కువ, కాని పొద్దుటే పోయి చీటి తీసికొని వంతుకు నిలువవలెను. మారతహళ్ళినుండి ఔటర్ రింగురోడ్డు వెంట సుమారు 18 కిలోమీటర్లు. ఉదయము ఆఫీసువేళకు కృష్ణరాజపురము వంతెన దాటుటయే ఒక పర్వము గనుక తెల్లవారకముందే బయలుదేరుట వివేకము. క్వీన్స్ రోడ్డున ప్రభుత్వ పశువైద్యాలయ మొకటి కలదు. వీధిపిల్లుల విషయమై 1991 నుండి పనిచేయుచున్న కూపా సంస్థవంటివారి సలహా పొందవచ్చును. ఏ దారిలో పోయినను పిల్లిని చేతులలో పట్టుకొని ఆటో ఎక్కరాదు. మూత గల బుట్టలోనుంచి, పైన పలుచని గుడ్డ కప్పి, ఇంటి దుప్పటిముక్క లోపల వేసినచో అది తక్కువ బెదరును.

అన్ని కంటిజబ్బులును కంటిలో పుట్టవు. పదేండ్లు దాటిన పిల్లి ఒకనాడు గోడలకు తగులుచు, కనుపాపలు పగలే విశాలముగా తెరచికొని యున్నచో, మూత్రపిండముల వ్యాధివలననో, థైరాయిడ్ గ్రంథి అతిచురుకుదనమువలననో రక్తపుపోటు పెరిగి రెటీనా ఊడియుండవచ్చును. ఆ దినమే పోటు కొలిపించి, అమ్లోడిపిన్ ప్రారంభించినచో కొన్ని సందర్భములలో చూపు కొంతవరకు తిరిగివచ్చును. ఆలస్యమైనకొలది ఆ ఆశ సన్నగిల్లును. ఎన్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ కుక్కలకు ఇచ్చు మోతాదులో పిల్లికిచ్చినచో రెటీనా చచ్చి అంధత్వము కలుగవచ్చును. దినమునకు కిలోబరువునకు 5 మిల్లీగ్రాములు మించరాదు. మూడవది మన వంటింటికి చెందినది. 1975లో హేస్, కేరీ, ష్మిట్ అనువారు పిల్లులకు మాంసకృత్తుగా పాలలోని కేసీనును మాత్రమే పెట్టి పెంచగా, వాటి రెటీనాలు క్రమముగా క్షీణించినవి. కారణము టారిన్ అను ద్రవ్యము కొఱవడుట. మనుష్యదేహము దీనిని తగినంత తయారుచేసికొనగలదు, పిల్లిదేహము తయారుచేసికొనజాలదు. మాంసమునుండి, చేపలనుండి పొందవలసినదే. శాకాహారగృహములలో పిల్లికి మూడుపూటల పెరుగన్నము పెట్టుచు, "మావాడు సాత్త్వికుడండీ, చేప ముట్టడు" అని మురియువారిని నే నెఱుగుదును. వారి ప్రేమను శంకింపజాలను; కాని ఆ ప్రేమ ఎటువంటి బాహ్యలక్షణమును చూపకుండ, నెలలతరబడి, ఆ పిల్లి చూపును హరించుచుండును, పోయిన భాగము మరల రాదు. ఇంట మాంసము వండుటకు ఇష్టము లేనివారు టారిన్ చేర్చిన పిల్లిమేత కొని పెట్టవచ్చును.

హెర్పిస్ పుండునకు వైద్యుడు సామాన్యముగా యాంటీబయాటిక్ చుక్కలతో పాటు ఫామ్‌సైక్లోవిర్ మాత్రలు వ్రాయును. మనుష్యులు వాడు ఎసైక్లోవిర్ మాత్రలు పిల్లి ఎముకమజ్జను దెబ్బతీయును గనుక సోదరసమానమైన ఆ పేరును చూచి మార్చి కొనరాదు. లైసీన్ పొడి చాలకాలము ప్రచారములోనున్నను, 2015లో వెలువడిన సమీక్ష దానికి ప్రయోజనము లేదని తేల్చినది, డబ్బు మిగుల్చుకొనవచ్చును. మానని పుండు కొన్ని పిల్లులలో, ముఖ్యముగా పర్షియన్ జాతిలో, కార్నియా నడుమ నల్లని పెచ్చుగా గట్టిపడును. దానిని సూక్ష్మదర్శిని క్రింద శస్త్రముతో తొలగింపవలసివచ్చును. హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియాలకు కలిపి యిచ్చు టీకా వైరసు సోకుటను పూర్తిగా ఆపదు గాని రోగతీవ్రతను బాగుగా తగ్గించును.

చుక్కలు వేయుట ఇంటివారి పని. వెనుకనుండి చేయి తెచ్చి, పైరెప్పను కొంచెమెత్తి వేయవలెను. సీసామొన కంటికి తగులరాదు. రెండవ మందునకు మధ్య అయిదు నిమిషముల వ్యవధి యుండవలెను. గీచుకొనకుండ మెడకు తొడిగిన ప్లాస్టిక్ కోను తీయరాదు. నొప్పి తగ్గుటకై అట్రోపిన్ చుక్క వేసిన కొద్ది నిమిషములకు పిల్లి నోట నురుగుకక్కుచు తల విదలించుట చూచి, "డాక్టరుగారూ, మందు విషమైపోయిందా ఏమిటండీ, నోట్లోంచి నురుగొస్తోంది!" అని అర్ధరాత్రి ఫోను చేయువారు పెక్కుమంది. కంటినుండి ముక్కుమీదుగా గొంతులోనికి దిగు సన్నని నాళము కన్నీటితో పాటు ఆ మందును నాలుకకు చేర్చును, అట్రోపిన్ మిక్కిలి చేదు. చుక్క వేసిన వెంటనే లోపలిమూలను వ్రేలితో అర నిమిషము అదిమిపట్టి, ఆపై ఒక చెంచా చేప ఉడికించిన నీరు నాకించినచో నురుగు ఆగును. చుక్కకు బదులు అదే మందును ఆయింటుమెంటుగా వ్రాయించుకొన్నచో గొంతులోనికి అంతగా దిగదు.